డయాలసిస్ దాకా రానీయకండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,



కొత్త డయాలసిస్ యంత్రాలు కావాలని అడగడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితంగా జరుగుతోంది. డయాలసిస్ చేయించుకునే పేదలకు నెలకు 2,016 రూపాయల పింఛను కూడా ఉంది. ఇవి లేని రోజుల్లో పొలాలు అమ్ముకున్న కుటుంబాలు ఎన్నో. అందుకే ఈ రెండింటికీ ముందుగా కృతజ్ఞతలు. ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది యంత్రం దాకా రాకుండా ఆపగలిగిన మనుషుల సంగతి. వారానికి రెండు మూడు సార్లు, సారికి నాలుగేసి గంటలు మంచం మీద గడపాల్సిన బతుకు అందరికీ షుగరు వల్లో బీపీ వల్లో రాలేదు. కొందరికి అది మందుల షాపు నుంచి వచ్చింది. కొందరికి తాగిన నీటి నుంచి, పీల్చిన గాలి నుంచి, చేసిన పని నుంచి వచ్చింది. షుగరూ బీపీ కాని ఈ కారణాలతో కిడ్నీలు చెడినవాళ్ల లెక్క మన రాష్ట్రంలో ఎవరూ విడిగా రాస్తున్నట్టు కనబడదు. నా ఫిర్యాదంతా ఇక్కడే.

మీరు ఆందోల్ నుంచి ఎన్నికైనవారు. మాదీ మీ సంగారెడ్డి జిల్లానే, కర్ణాటక సరిహద్దున 65వ జాతీయ రహదారి మీద ఉన్న చిరాగ్‌పల్లి. చుట్టూ చెరుకు, పత్తి, అల్లం, ఆలుగడ్డ. చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి కూడా కూలీలు వస్తారు. రోడ్డు మీద రాత్రింబగళ్లు లారీలు. ఇక్కడ ఒళ్లు నొప్పి లేకుండా పొద్దు గడిపే మనిషి అరుదు. నడుం గుంజితే పని మానేయడం కుదరదు, మానితే ఆ పూట కూలి పోతుంది. అందుకే "ఒళ్లు నొప్పులకు గోలీలియ్యి" అని షాపులో అడుగుతారు. "ఒక సూదెయ్యి, పొద్దున్నే పోవాలె" అని ఆర్‌ఎంపీని అడుగుతారు. షాపతను పట్టీలోంచి కత్తిరించి నాలుగు గోలీలు కాగితంలో చుట్టి ఇస్తాడు. అందులో ఒకటి నొప్పిది, ఒకటి గ్యాస్‌ది, ఒకటి యాంటీబయాటిక్, ఒకటి స్టెరాయిడ్ కావచ్చు. కత్తిరించిన ముక్క మీద పేరుండదు, గడువు తేదీ ఉండదు. రేపు ఏదైనా అయితే డాక్టరుకు చూపించడానికి ఆ కాగితం కూడా మిగలదు.

ఆ నొప్పి గోలీ కిడ్నీని ఏం చేస్తుందో మీ శాఖ డాక్టర్లకు తెలుసు. తెలియాల్సింది మా ఊరివాళ్లకు. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు కిడ్నీలకే పోతుంది. రెండు కిడ్నీలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్లు వడకట్టి, అందులో లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదిలి, మిగతాదంతా తిరిగి రక్తంలోకి పంపిస్తాయి. ఎండలో చెమట కారి ఒంట్లో నీరు తగ్గినప్పుడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. అప్పుడు కిడ్నీకి రక్తం ఆగిపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు అక్కడి నాళాన్ని తెరిచి ఉంచుతాయి. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్, పైరాక్సికామ్ లాంటివి నొప్పిని తగ్గించేది ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే కదా! నొప్పి తగ్గుతుంది, కిడ్నీకి ఉన్న రక్షణ కూడా పోతుంది. నీడపట్టున కూర్చుని, కడుపు నిండా నీళ్లు తాగిన మనిషికి రెండు రోజుల గోలీ పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. మిట్టమధ్యాహ్నం దాకా చెరుకు కొట్టి, నీళ్లు సరిగ్గా తాగక, సీజనంతా రోజూ మింగేవాడి సంగతి వేరు.

దీనికి బీపీ గోలీ తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి, మూత్రం ఎక్కువ పోయించే మందు, వాటిపైన నొప్పి గోలీ, ఈ మూడూ ఒకేసారి పడితే కిడ్నీ ఉన్నట్టుండి మొరాయించవచ్చు. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజున మరీ ప్రమాదం. బీపీ గోలీలు మాత్రం ఎవరూ సొంతంగా మానకూడదు. కిడ్నీని ఎక్కువ కాలం కాపాడేవి అవే. చెప్పాల్సింది ఒక్కటే, వాటి పక్కన నొప్పి గోలీ చేరుతోందని డాక్టరుకు తెలియాలి. మా ఊళ్లో బీపీ గోలీ ఒకచోట తెచ్చుకుంటారు, నొప్పి గోలీ ఇంకోచోట కొంటారు. ఈ రెండూ ఒకే కడుపులో పడుతున్నాయని ఎవరికీ తెలియదు.

నొప్పి మందు కిడ్నీని ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికి మన దేశంలోనే ఒక పెద్ద సాక్ష్యం ఉంది. పల్లెల్లో పశువు చస్తే ఆకాశంలో తిరిగే రాబందులు ఇప్పుడు లేవు. 1990ల నుంచి వాటి సంఖ్య పడిపోతూ వచ్చింది, కొన్ని జాతుల్లో నూటికి 95కు పైగా పోయాయి. కారణం 2004లో తేలింది. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల్లో మిగిలిపోయి, తిన్న రాబందుల కిడ్నీలను నాశనం చేసింది. 2006లో పశువులకు డైక్లోఫెనాక్‌ను కేంద్రం నిషేధించింది. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకు మళ్లిస్తున్నారని 2015లో ఆ సూదిమందును 3 మిల్లీలీటర్ల ఒక్క డోసుకే పరిమితం చేసింది. తెలంగాణలో రాబందులు గూళ్లు కట్టిన చోటుగా కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట పేరు ఇప్పుడు వింటున్నామంటే, మిగతాచోట్ల అవి లేకుండా పోవడం వల్లే. రాబందు శరీరం వేరు, మన శరీరం వేరు, నిజమే. ఒక్క గోలీకి మనిషి కిడ్నీ అలా కూలిపోదు. అయినా ఒక పక్షి కోసం సీసా పరిమాణం మార్చగలిగిన ప్రభుత్వాలు, అదే మందు మనుషులకు చీటీ లేకుండా చేతికి అందుతుంటే చూస్తూ ఊరుకోవడం ఏమిటని అడగాలనిపిస్తుంది.

చెరుకు తోటల్లో ఈ కథ ఇంతకుముందే జరిగింది. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో పసిఫిక్ తీరం వెంట చెరుకు కొట్టే కూలీలు, షుగరూ బీపీ లేని పడుచువాళ్లు, కిడ్నీలు చెడి చనిపోవడం 1990ల నుంచి కనబడింది. 2002లో ఎల్ సాల్వడార్ వైద్యులు దాన్ని వైద్య పత్రికకెక్కించారు. రోజు తర్వాత రోజు వేడిలో విపరీతమైన శ్రమ, ఒంట్లో నీరు తగ్గిపోవడం ప్రధాన కారణాలని ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు. పురుగుమందుల పాత్ర మీద వాదన సాగుతూనే ఉంది. ఆ కూలీలు ఒళ్లు నొప్పులకు మింగే గోలీలు దెబ్బను పెంచుతాయన్న అనుమానం కూడా ఉంది. తర్వాత కొన్ని చక్కెర మిల్లుల్లో ఒక పద్ధతి పెట్టారు. నీళ్లు చేతికందేలా ఉంచడం, నీడ కల్పించడం, గంట గంటకూ పని ఆపి విశ్రాంతి ఇవ్వడం. దాంతో కూలీల కిడ్నీల మీద దెబ్బ తగ్గినట్టు కొలిచి చూశారు. నీళ్లకూ నీడకూ విదేశీ సాంకేతికత అక్కర్లేదు కదా!

మన తెలుగు నేల మీద ఉద్దానం ఉంది. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే రైతులకూ కూలీలకూ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో దశాబ్దాల పరిశోధన తర్వాత కూడా ఒక్క కారణానికి తేల్చలేకపోయారు. నీరు, వేడి, మందులు, వంశం, ఇలా ఎన్నో అనుమానాలు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని పైపుల్లో ఆ ఊళ్లకు తెచ్చారు. మంచిదే. జబ్బు వేల ఇళ్లు ఎక్కాక కారణం వెతకడం ఎంత కష్టమో ఉద్దానం చెబుతోంది. మాకు ఆ పరిస్థితి రాకముందే లెక్క మొదలుపెట్టమంటున్నాను.

నొప్పి గోలీ ఒక్కదాన్నే దోషిని చేయను. జెంటామైసిన్, అమికాసిన్ సూదులు కిడ్నీలోని సన్నని గొట్టాల కణాల్లో పేరుకుంటాయి. రోజులు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, అందుకే ఆసుపత్రిలో వాటిని ఇస్తూ కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూస్తారు. ఊళ్లో మంచం మీద సూది పొడిచేవాళ్లు ఏం చూస్తారు? ఏళ్ల తరబడి మింగే గ్యాస్ గోలీలు కొందరిలో కిడ్నీకి వాపు తెస్తాయి. "ఆకు మందు కదా, ఏమీ చేయదు" అనే నమ్మకం కూడా తప్పే. పాముకాటుకు వాడే ఈశ్వరి వేరు, పల్లెవైద్యంలో తెలిసిన గాడిదగడపర ఆకు, రెండూ అరిస్టలోకియా జాతి మొక్కలవి. ఆ జాతిలో ఉండే ఆమ్లం కిడ్నీలను గిడసబారేట్టు చేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సరూ తెస్తుంది. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి వేసుకున్న మూలికా గోలీల్లో అదే జాతి మొక్క కలిసి వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ వడపోత పొర దెబ్బతిన్న రోగులను ఆరా తీస్తే, తెల్లబడటానికి వాడిన క్రీముల్లో పాదరసం బయటపడింది. శుద్ధి సరిగా చేయని భస్మాల్లో పాదరసం, సీసం ఉండవచ్చని వేరే చెప్పక్కర్లేదు. కిడ్నీ రాళ్లను కరిగిస్తామని ప్రకటించుకునే మందులను మీ ఔషధ నియంత్రణ శాఖ పట్టుకుంటున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ పని ఆగకూడదు.

చిన్నపిల్లల సంగతి మరీ బాధాకరం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో 20 మందికి పైగా పిల్లలు దగ్గుమందు తాగి కిడ్నీలు చెడి చనిపోయారు. తమిళనాడులో తయారైన ఆ కోల్డ్‌రిఫ్ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ 48.6 శాతం ఉన్నట్టు పరీక్షలో తేలింది. అనుమతించే పరిమితి 0.1 శాతం. మందులో కలిపే ద్రావకం బదులు కర్మాగారాల్లో వాడే చవక ద్రావకం చేరితే ఇలా జరుగుతుంది. ఇది మొదటిసారి కాదు. 1937లో అమెరికాలో, 1986లో ముంబయి జేజే ఆసుపత్రిలో, 2022లో గాంబియాలో ఇదే విషం ప్రాణాలు తీసింది. 2025 అక్టోబరులో మన రాష్ట్రంలోనూ ఆ సిరప్ వాడవద్దని హెచ్చరిక ఇచ్చారు, సంతోషం. ఆ హెచ్చరిక మా ఊరి షాపు గోడ మీద తెలుగులో కనబడిందా అన్నది వేరే ప్రశ్న. ఇక కల్తీ కల్లు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగిన కూలీల్లో కొందరు చనిపోయారు, కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లూ ఉన్నారు. కల్లులో కలిపే మత్తుమందు కూడా మందే, ఒక ఫ్యాక్టరీలో తయారైనదే.

ఫ్యాక్టరీ మాట వచ్చింది కాబట్టి మన జిల్లా చరిత్ర చెప్పుకోవాలి. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ పెరిగిన పరిశ్రమల వ్యర్థాలు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరాయి. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు పోరాడారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ ప్రాంతపు నేలలో ఆర్సెనిక్, సీసం వంటి లోహాలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు చూపించారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ పరిశోధన కిడ్నీల మీద చేసింది కాదు. శుద్ధి చేశామన్న నీరే అలా ఉంటే బావుల్లో ఏముందో ఊహించవచ్చు.

లోహాలు కిడ్నీని నెమ్మదిగా చంపుతాయి. జపాన్‌లోని జింజూ నది పక్కన జింకు గని వదిలిన కాడ్మియం వరిపొలాల్లోకి చేరింది. ఆ బియ్యం తిన్నవాళ్లకు కిడ్నీలు పాడై, ఎముకలు మెత్తబడి విరిగాయి. 1968లో అక్కడి ప్రభుత్వం దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా ఒప్పుకుంది. కాడ్మియం ఒకసారి కిడ్నీలో చేరితే పదేళ్లకు పైగానే అక్కడ ఉంటుంది. మన జిల్లాలోనే 2024లో న్యాల్‌కల్ మండలం డప్పూర్, మల్గి, వడ్డి గ్రామాల్లో ఔషధ పరిశ్రమల కోసం భూములు అడిగినప్పుడు రైతులు రోడ్డెక్కింది ఊరికే కాదు. పటాన్‌చెరు వాళ్ల కళ్ల ముందే ఉంది. లోహాలే కాదు, పొలాల్లో పిచికారీ చేసే గడ్డిమందులూ కిడ్నీకి ముప్పే, వాటిలో పారాక్వాట్ ఒకటి. అది కొద్దిగా లోపలికి పోయినా కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, విరుగుడు లేదు. దాన్ని నిషేధించమని మన రాష్ట్ర డాక్టర్లే అడిగారు.

చెరుకు కూలీల సంగతి కార్మిక శాఖది, వాగుల సంగతి కాలుష్య నియంత్రణ మండలిది, గడ్డిమందు వ్యవసాయ శాఖది అని మీ అధికారులు చెప్పవచ్చు. ఎవరి తప్పుతో కిడ్నీ చెడినా మనిషి చివరికి వచ్చి చేరేది మీ శాఖ మంచం మీదికే. ఖర్చు మీది కాబట్టి అడిగే హక్కూ మీదే.

అయ్యా, నేను కోరేవి పెద్దవి కావు. నొప్పి గోలీలు చాలావరకు షెడ్యూల్ హెచ్‌లో ఉన్నవే, చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం ఇప్పటికే చెబుతోంది. చట్టాన్ని ఒక్కరోజులో పూర్తిగా అమలు చేస్తే జ్వరమొచ్చిన కూలీకి దిక్కుండదని నాకు తెలుసు. ముందుగా కత్తిరించి ఇచ్చే ప్రతి ముక్క వెంట మందు పేరు, గడువు తేదీ రాసి ఇవ్వడం తప్పనిసరి చేయండి. ప్రతి షాపులో తెలుగులో, సరిహద్దు ఊళ్లలో కన్నడ, మరాఠీల్లో కూడా, ఒక బోర్డు పెట్టించండి. "బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, వాంతులు విరేచనాలు అవుతున్నవాళ్లు నొప్పి గోలీ అడిగే ముందు చెప్పండి" అని ఉంటే చాలు. ఆర్‌ఎంపీల మీద దాడులతోనే సరిపెట్టకండి. పల్లె దవాఖానలో పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ పొద్దున పూట, పనికి పోయే వేళకు దొరికేట్టు చూస్తే సూది కోసం తిరిగేవాళ్లు తగ్గుతారు.

రెండోది పరీక్ష. క్రియాటినిన్ పెరిగేసరికే కిడ్నీ పని సగం పోయి ఉంటుంది, అందుకే మూత్రంలో ఆల్బుమిన్ కూడా చూడాలి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఈ పరీక్షలు ఉచితంగా చేసే ఏర్పాటు మీ చేతిలో ఉంది. చెరుకు సీజను మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి జహీరాబాద్ ప్రాంతపు చెరుకు కూలీలకు, ఇటుక బట్టీల వాళ్లకు గుడిసెల దగ్గరికే వెళ్లి చేయించండి. పక్క రాష్ట్రం వాళ్లని వదిలేయకండి, వాళ్లు కొట్టిన చెరుకు మనదే.

మూడోది లెక్క. జిల్లాలో డయాలసిస్‌కు వచ్చే ప్రతి రోగినీ నాలుగు మాటలు అడిగి రాయించండి. ఏ మందులు ఎన్నాళ్లు వేసుకున్నావు? ఏం పని చేశావు? ఏ నీళ్లు తాగావు? ఏ మూలికలు వాడావు? ఏడాది తిరిగేసరికి ఏ మండలం నుంచి, ఏ కారణంతో ఎక్కువమంది వస్తున్నారో మీకే కనబడుతుంది. నాలుగోది నీరు. న్యాల్‌కల్, ఝరాసంగం, జహీరాబాద్, మొగుడంపల్లి మండలాల్లో కొత్త పరిశ్రమ ఒక్క గోడ కట్టకముందే బోర్లలో లోహాల పరీక్ష చేయించి, ఫలితాలను పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించండి. ఆ అంకెలు ముందుగా ఉంటే రేపు ఎవరూ "ఇది ముందునుంచీ ఇంతే" అని తప్పించుకోలేరు.

ఈ ఉత్తరం చదివే మా ఊరివాళ్లకూ ఒక మాట. నొప్పి గోలీని రెండు మూడు రోజులకు మించి మీ అంతట మీరు వేసుకోవద్దు. ఎండలో పనిచేసిన రోజున, విరేచనాలు పట్టిన రోజున అసలే వద్దు. జ్వరానికీ ఒళ్లు నొప్పులకూ తగిన మోతాదులో పారాసిటమాల్ వాడటం కిడ్నీకి మేలు. గోలీల పట్టీలు పారేయకుండా దాచి డాక్టరుకు చూపించండి. ఏడాదికోసారి మూత్రం, క్రియాటినిన్ పరీక్ష అడిగి చేయించుకోండి.

మంత్రి గారూ, షుగరు జబ్బును పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాకపోవచ్చు. పేరు లేని గోలీని, విషం కలిసిన సిరప్‌ను, పరీక్షించని బావిని ఆపడం ప్రభుత్వం వల్ల అయ్యే పని. వచ్చే చెరుకు సీజనులోపు జహీరాబాద్‌లో మొదలుపెట్టండి. మొదటి అంకెలు వచ్చిన రోజున వాటిని దాచకుండా ప్రజల ముందు పెట్టండి.

ఇట్లు,
చిరాగ్‌పల్లి గ్రామవాసి